కిటికీలు మార్చేదానికి రెండు మీటలు

పోయినసారి మా పాత రైల్వే క్వార్టర్స్ గురించి రాస్తిని, చానామంది ఫోన్ చేసి మాట్లాడినారు, సంతోషం. ఈసారి కంప్యూటర్ విషయం. "మాకెందుకప్పా ఇది" అని దాటిపోవద్దండి. దీంట్లో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. మీలో కొంతమందికి అది తెలుసు. తెలిసినవాళ్ళు నా మొహం చూసి ఒక్క మాట అనకుండా ఊరకుండిరి. తిట్టి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.

పోయిన సంవత్సరం జూన్‌లో మన పిల్లల చదువు సాయం డబ్బు బ్యాంకు ద్వారా వేసే పని నాది. ఒక్కొక్కరికి 7,500 రూపాయలు. నా కంప్యూటర్లో అప్పుడు ఎన్ని తెరిచి ఉన్నాయో చెప్తాను: ఆ సంవత్సరం లిస్టు ఎక్సెల్‌లో ఒకటి, ముందు సంవత్సరం లిస్టు ఇంకొకటి, బ్యాంకు పేజీ, పిల్లలు పంపిన అప్లికేషన్ ఫోటోలు నాలుగైదు, వాట్సాప్, ఈమెయిల్, మన సభ్యుల రిజిస్టరు. పదకొండో పన్నెండో. రెండు లిస్టులకీ నేను పెట్టిన పేరు ఒకటే, "సాయం లిస్టు". ఒకదానికి మాత్రం చివర "పాతది" అని చేర్చినాను. కింద పట్టీలో రెండూ ఒకే ఆకుపచ్చ బొమ్మ కింద దాక్కోనుంటాయి. దాని మీద మౌస్ పెడితే చిన్న చిన్న పటాలు రెండు కనబడతాయి. నా కండ్లకి ఆ రెండూ కవలపిల్లలే.

పధ్నాలుగో వరసలో ఒక నర్సింగ్ చదివే అమ్మాయి. ఆ పిల్ల ఖాతా నంబరు తీసుకొనేదానికి లిస్టులోకి పోయినాను. పోయింది పాత లిస్టులోకి. అక్కడ పధ్నాలుగో వరసలో ముందు సంవత్సరం అబ్బాయి నంబరు. దాన్ని కాపీ చేసుకొని బ్యాంకు పేజీలో అతికించి, పేరు మాత్రం అమ్మాయిది నా చేత్తో టైపు చేసినాను. బ్యాంకువాళ్ళు డబ్బు వేసేది ఖాతా నంబరు చూసి, పేరు చూసి కాదు. డబ్బు చక్కగా పోయె, తప్పు ఇంటికి.

అయిదు రోజులకి ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేసింది. "అన్నా, శుక్రవారంతో గడువు అయిపోతుంది, డబ్బు ఇంకా రాలే" అనింది. నేను "వేసేసినానమ్మా, బ్యాంకులో లేటు" అని ధైర్యంగా చెప్పినాను. చూడకుండానే చెప్పినాను. ఆమె కమ్మలు కుదవ పెట్టి ఫీజు కట్టింది. తర్వాత నేను కూర్చొని ఒక్కొక్క నంబరూ చూసుకుంటే విషయం తెలిసె. ఆ అబ్బాయి తండ్రికి ఫోన్ చేస్తే, ఆ పుణ్యాత్ముడు అదే సాయంత్రం డబ్బు తిప్పి పంపినాడు. కమ్మలు విడిపించినాము. వడ్డీ నేను కట్టినాను, అది సంఘం లెక్కలో రాయలేదు.

ఇక ఈ పని నాకు వద్దు, కుర్రవాళ్ళు ఎవరైనా చూసుకోనీ అని రాజీనామా ఒకటి టైపు చేసి పెట్టుకొంటిని. కుడిచేతి వేళ్ళు రెండేళ్ళుగా వణుకుతున్నాయి, మౌస్ ఒక చోట నిలవదు, కారణం చెప్పేదానికి అది చాలు.

దీపావళికి మా అన్న మనవరాలు వచ్చింది. కాలేజీలో మొదటి సంవత్సరం. నా వెనక నిలబడి కొంచెంసేపు చూసి, "చిన్న తాతా, ఏమిటికి ఇన్ని తెరిచి పెట్టుకోనుండావు? దేన్లోకి పోవాలన్నా వెతుకుతానే ఉండావే" అనింది. "ఆల్ట్, ట్యాబ్ నాకు తెలుసులేమ్మా" అన్నాను కొంచెం గర్వంగా. ఆమె నవ్వింది.

ఆల్ట్ పట్టుకొని ట్యాబ్ నొక్కితే తెరిచినవన్నీ వరసగా కనబడతాయి, మీకూ తెలిసి ఉంటుంది. కానీ ఆ వరస ఎప్పుడూ ఒకటిగా ఉండదు. మనం ఆఖరున వాడింది ముందుకొస్తుంది. రెండింటి మధ్య అటూ ఇటూ పోయేదానికి అంతకన్నా మంచిది లేదు. పన్నెండు ఉన్నప్పుడు మాత్రం ఏది ఎక్కడికి జరిగిందో ప్రతిసారీ కొత్తగా వెతకాల. వేలు వణికితే ఆల్ట్ మీద పట్టు పోయి, మనకి వద్దనే దాంట్లోకి పోయి పడతాము. (ఇట్లాంటి చేతులున్నవాళ్ళు కంట్రోల్ కూడా చేర్చి మూడూ నొక్కండి. చేయి వదిలేసినా ఆ పటాలు అట్లే నిలబడతాయి, బాణం మీటలతో నిదానంగా పోయి ఎంటర్ కొట్టొచ్చు. ఇది ఆమె చెప్పలేదు, నేనే కనుక్కొన్నాను.)

ఆ పిల్ల మైక్రోసాఫ్ట్ స్టోర్లోకి పోయి పవర్‌టాయ్స్ అనేదాన్ని దించింది. ఉచితం, మైక్రోసాఫ్ట్ వాళ్ళదే. విండోస్ 10, 11 వాడేవాళ్ళకి పనికొస్తుంది. దాంట్లో చానా సామాన్లు ఉంటాయి. మనకి కావలసింది ఒక్కటి, పవర్‌టాయ్స్ రన్. అది ఆన్ చేసి, మాకు పనికిరాని మిగతావన్నీ ఆఫ్ చేసింది. కంప్యూటర్ పెట్టంగానే ఇదీ మొదలయ్యేట్టు సెట్టింగ్ ఒకటి ఉంది, అది చూసుకోండి. లేకుంటే మరునాడు మీటలు నొక్కుతా నొక్కుతా, చెడిపోయింది అనుకొంటారు.

ఇప్పుడు ఆల్ట్, స్పేస్ రెండూ కలిపి నొక్కితే తెర నడుమ పొడుగ్గా ఒక గడి వస్తుంది. దాంట్లో రెండు మూడు అక్షరాలు టైపు చేస్తే కింద పేర్లు వరసగా వస్తాయి. బాణంతో దిగి ఎంటర్ కొడితే అది తెరుచుకొంటుంది. వద్దనుకుంటే ఎస్కేప్. మనం తరచుగా ఎంచుకొనేవి పోను పోను పైకి వస్తాయి. మౌస్ ముట్టే పనే లేదు. క్యాలిక్యులేటర్ కావాలంటే దాని పేరు, నోట్‌ప్యాడ్ కావాలంటే దాని పేరు, ఫైలు కావాలంటే ఫైలు పేరు.

నాకు పనికొచ్చింది దీనికన్నా ఇంకొకటి. ఆ గడిలో ముందు < గుర్తు కొట్టాల. షిఫ్ట్ పట్టి కామా మీట నొక్కితే వస్తుంది. దాని తర్వాత టైపు చేస్తే అప్పటికే తెరిచి ఉన్నవాటిలో మాత్రమే వెతుకుతుంది. కొత్తగా ఏదీ తెరవదు. బ్యాంకు పేజీ కావాలంటే < తర్వాత బ్యాంకు పేరు రెండక్షరాలు, ఎంటర్, అంతే, అక్కడుంటాము. ఒక మాట: బ్రౌజర్‌లో పది పేజీలు ఒకే కిటికీలో పెట్టుకొంటే, ముందు కనబడే పేజీ పేరే దీనికి తెలుస్తుంది. బ్యాంకు పేజీని విడిగా ఇంకో కిటికీలో పెట్టుకోండి.

ఇది చూడంగానే నాకు కౌంటర్ గుర్తుకొచ్చింది. రిజర్వేషన్‌లో కూర్చున్నవాళ్ళకి స్టేషన్ల పూర్తి పేర్లతో పని లేదు. ఈరోడ్‌కి ఈడీ, కాట్పాడికి కేపీడీ, జోలార్‌పేటకి జేటీజే, తిరుచ్చికి టీపీజే, విజయవాడకి బీజెడ్ఏ. రాత్రి రెండు గంటలకి నిద్రలో లేపి అడిగినా వేళ్ళు చెప్తాయి. కానీ ఎగ్మూర్ ఎంఎస్, సెంట్రల్ ఎంఏఎస్. నడుమ ఒక్క అక్షరం. అది మారితే పెట్టె బేడా, ముసలి తల్లిని పెట్టుకొని ఒక కుటుంబం వేరే స్టేషన్లో నిలబడుతుంది. అందుకే ఎంటర్ కొట్టే ముందు "సెంట్రల్ కదా సార్?" అని గట్టిగా అడిగి, వాళ్ళు అవునంటేనే కొట్టేవాడిని. ఇంత సర్వీసులో ఉన్న ఆ అలవాటు, రిటైరై ఇంట్లో కుర్చీలో కూర్చొనేసరికి ఎక్కడికి పోయిందో.

అందుకని పవర్‌టాయ్స్ వచ్చిన రోజే నా తప్పు పోలేదు. రెండు ఫైళ్ళకీ పేరు "సాయం లిస్టు" అని ఉన్నంతవరకు < కొట్టినా రెండూ ఒకదాని కింద ఒకటి వస్తాయి, మళ్ళీ కవలపిల్లలే. పేర్లు మార్చినాను. సంవత్సరం ముందుకు తెచ్చినాను: "2024 సాయం", "2025 సాయం". ఇప్పుడు < తర్వాత 2025 అని నేను టైపు చేస్తేనే అది వస్తుంది. బొమ్మ చూసి ఎగబడి పోయేది లేదు, పేరు నా వేళ్ళతో చెప్పి పోవాల. పాత లిస్టు అయితే పని లేనప్పుడు తెరవడమే మానినాను.

మొదటి రెండు రోజులు ఒక తమాషా. ఏది టైపు చేసినా ఏమీ రాదు. ఆ పిల్ల అప్పటికే ఊరికి పోయె. ఫోన్ చేస్తే, "కీబోర్డు ఏ భాషలో ఉంది చూడు తాతా" అనింది. చూస్తే తెలుగులో ఉంది! మీకు ఇట్లాంటివి రాసి రాసి దాన్ని అట్లే వదిలేస్తాను. నేను ఇంగ్లీషులో కొడతా ఉన్నాననుకొంటే గడిలో తెలుగు అక్షరాలు పడతా ఉన్నాయి, వాటితో పేరున్న ఫైలు లేదు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫైలు పేరే తెలుగులో పెట్టుకొని ఉంటే తెలుగులోనే వెతకొచ్చు, ఈ వ్యాసాలకి నేను అట్లే పెట్టుకొన్నాను. దాంట్లోనూ నాకొక కష్టం. బళ్ళో తమిళం చదివినవాడిని కదా, అక్కడ క-కి గ-కి ఒకే అక్షరం, త-కి ద-కి ఒకటే. నోట్లో మా అమ్మ నేర్పిన తెలుగు సరిగ్గానే ఉంటుంది, వేళ్ళకి తమిళ బడి అలవాటు పోదు. "గుడి" అని పెట్టినాననుకొన్న ఫైలు "కుడి" అని ఉంటుంది. ఎంత వెతికినా దొరకదు. మన సంఘంలో యాభై దాటినాక తెలుగు రాయను నేర్చుకొన్నవాళ్ళకి ఈ మాట అర్థమవుతుంది.

లెక్కలు కూడా ఆ గడిలోనే వేస్తుంది. ముందు = కొట్టి 41*7500 అని టైపు చేస్తే 3,07,500 కింద కనబడుతుంది. ఈ సంవత్సరం మన పిల్లలు 41 మంది, అందుకే ఆ లెక్క. కోశాధికారి అన్న తన నోటుబుక్కులో వేసి చూసుకొన్నాడు, సరిపోయింది. ఆయన దాన్ని నమ్మలేదు, నోటుబుక్కునే నమ్మినాడు. మంచిదే.

ఇదే పనికి కమాండ్ పాలెట్ అని ఇంకోటి కూడా ఆ పవర్‌టాయ్స్‌లోనే వచ్చింది. నేను దాని జోలికి పోలేదు, ఒకటి వేళ్ళకి పట్టినాక వదలను. బిడ్డల దగ్గర ఆపిల్ కంప్యూటర్ ఉన్నవాళ్ళకి ఏదీ దించే పని లేదు, కమాండ్, స్పేస్ నొక్కితే స్పాట్‌లైట్ వస్తుంది. ఏదీ దించుకోను ఇష్టం లేనివాళ్ళు విండోస్ మీట ఒక్కటి నొక్కి పేరు టైపు చేసినా ప్రోగ్రాములు తెరుచుకొంటాయి. తెరిచి ఉన్నవాటిలో వెతికేదానికి మాత్రం అది అంత సుఖం కాదు.

ఈ జూన్‌లో డబ్బు వేసే రోజు కార్యదర్శి తమ్ముడిని ఇంటికి పిలిచినాను. నేను బ్యాంకు పేజీలో పడిన నంబరు చదువుతాను, అతను కాగితంలో చూసి అవునంటాడు, అప్పుడు ఎంటర్. మా ఆవిడ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. 41 పేర్లకి మూడు గంటలు పట్టింది. ఆ నర్సింగ్ అమ్మాయిది రెండో సంవత్సరం, ఈసారి తొమ్మిదో వరసలో. ఆమె నంబరు నేను రెండుసార్లు చదివితే అతనికి ఎందుకో అర్థమైంది, ఏమీ అడగలేదు. మరునాడు ఉదయం ఏడుకే ఆమె తల్లి ఫోన్. "వచ్చింది అన్నా" అని పెట్టేసింది.

రాజీనామా ఫైలు ఇంకా ఉంది. రాజపాళయం వాళ్ళ లిస్టు కోసరం గడిలో "రాజ" అని ఇంగ్లీషులో మూడక్షరాలు కొడితే, దానితోపాటు ఇదీ వచ్చి కింద నిలబడుతుంది. తీసేయలేదు. ఊరికే అట్ల ఉండనీ.

వచ్చే ఆదివారం కూటం అయినాక నా ల్యాప్‌టాప్ తెస్తాను, కావలసినవాళ్ళు ఒక అరగంట కూర్చోండి. మీ పిల్లల్ని కూడా తీసుకొని రండి, నాకు తెలియనిది వాళ్ళు చెప్తారు.