పోయిన నలభై సెకండ్లు

ఈ పేజీలో ఎప్పుడూ పామాయిల్ గెలల ధర గురించో, కోకో కొమ్మ కత్తిరింపుల గురించో, మోటారు కాలిపోయిన సంగతో రాస్తుంటాను. ఇవాళ కారు పందేల గురించి రాస్తున్నాను. అవీ నిజం కార్లు కాదండి, కంప్యూటర్లో నడిపే కార్లు. ఈయనకి మతి పోయిందేంటి అనుకోకండి. ఓపిగ్గా చివరిదాకా చదవండి, తిరిగి తిరిగి మన చేలోకే వస్తాను.

మా చిన్నోడు బీటెక్ అయ్యాక ఇంట్లోంచే ఉద్యోగం చేసుకుంటున్నాడు. వాడికీ పిచ్చి పట్టింది హైదరాబాదులో. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అని కరెంటు కార్ల ప్రపంచ పోటీ జరిగింది, మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు. రెండు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్ల పైన రోడ్డు, 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రాన్సు ఆయన గెలిచాడు. అంతకుముందు ఆ పోటీ అక్కడ ఎప్పుడూ జరగలేదు కాబట్టి డ్రైవర్లు ఆ రోడ్డుని ముందు సిమ్యులేటర్ మీదే నేర్చుకుని వచ్చారట. అంటే గదిలో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, తెర మీద రోడ్డు చూస్తూ. చూసొచ్చాక మావాడు ఆర్నెల్ల జీతం దాచుకుని స్టీరింగు, పెడల్సు కొన్నాడు. పాత మంచం పట్టీలు కోసి వెల్డింగు షాపులో దానికి స్టాండు కూడా చేయించాడు.

నేను చాలా రోజులు సణిగాను. పాతికేళ్ళ వాడు పిల్లాటలు ఆడటం ఏంటని. ఒకరోజు "ఓసారి కూర్చో నాన్నా" అన్నాడు. ముప్పై ఏళ్ళు ట్రాక్టరు తోలినవాణ్ణి, ఇదెంత అనుకుని కూర్చున్నా. మూడో మలుపులో రెయిలింగుకి గుద్దేశాను. స్టీరింగు చేతుల్లో ఎలా కొట్టిందంటే, దుక్కిలో నాగలి రాయికి తగిలినప్పుడు కొట్టినట్టే కొట్టింది. ఆరోజు నుంచి ఆట అనడం మానేశాను.

మొన్న వీళ్ళు ముగ్గురు కలిసి ఒక ఆన్‌లైను పందెంలో పేరిచ్చారు. మావాడు, తాడేపల్లిగూడెం కుర్రాడొకడు, ఏలూర్లో మా చెల్లెలి కొడుకు. ఎవరింట్లో వాళ్ళు కూర్చునే నడుపుతారు. మూడు గంటల పందెం, ఒకటే కారు, ముగ్గురూ వంతులవారీగా తలా గంట. ట్రాక్ పేరు నూర్బర్గ్‌రింగ్. జర్మనీలో ఐఫెల్ కొండల్లో 1927లో మొదలుపెట్టారు. అందులో పాత భాగమే దాదాపు 21 కిలోమీటర్లు, డెబ్బై పైన మలుపులు. దానికి కొత్త ట్రాక్ కూడా కలిపితే 25 కిలోమీటర్లు దాటుతుంది. మన నల్లజర్ల నుంచి గూడెం దాకా అనుకోండి ఇంచుమించు. కింద నుంచి పైకి 300 మీటర్ల ఎత్తు తేడా. ఒక చివర వాన పడుతుంటే ఇంకో చివర ఎండ కాస్తుందట. నల్లజర్లలో వాన, అనంతపల్లిలో దుమ్ము, మనకి తెలీనిదా!

జాకీ స్టీవర్ట్ అనే పెద్ద డ్రైవరు దాన్ని పచ్చని నరకం అన్నాడు. 1976 ఆగస్టు 1న నికీ లాడా అనే ఆయన కారు అక్కడే గుద్దుకుని అంటుకుపోయింది, చావుకి దగ్గరగా వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత ఫార్ములా వన్ పందెం ఆ పాత రోడ్డు మీద మళ్ళీ పెట్టలేదు.

కంప్యూటర్లో ప్రాణం పోదు. కానీ కారు దెబ్బతింటే బాగుచేసుకునే చోటు మొదలుపెట్టిన దగ్గరే ఉంటుంది. దాన్ని దాటిన కాసేపటికే గుద్దారనుకోండి, ఇరవై కిలోమీటర్లు కుంటుకుంటూ రావాల్సిందే. అక్కడితో పందెం పోయినట్టే.

మూడు వారాలు మావాడు మిగతా ఇద్దర్నీ తయారుచేశాడు. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా. నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని వినేవాణ్ణి. మొదటి వారం స్పీడు మాటే లేదు. దారిని అయిదు ముక్కలు చేశాడు, మనం చేనుని మడులు కట్టినట్టు. ఇవాళ ఈ ముక్క నేర్చుకోవాలి, మిగతా నాలుగు ముక్కల్లో మెల్లగా వచ్చెయ్యాలి. ప్రతి మలుపుకీ ఒక గుర్తు. చెట్టో, బోర్డో, రోడ్డు మీద జనం రంగులతో రాసిన రాతో. అక్కడ కరూసెల్ అని గిన్నెలాంటి మలుపు ఉంది. ఎక్కేటప్పుడు అది కళ్ళకి కనపడదు. వెనకటి డ్రైవర్లు ఎత్తయిన చెట్టొకటి గురి పెట్టుకుని పోయేవారని చెబుతారు. నాకు నవ్వొచ్చింది. మా నాన్న చీకట్లో నీళ్ళు పెట్టడానికి వెళ్ళేటప్పుడు తాటిచెట్టు గురి చూసుకుని గట్టు దిగేవాడు.

రెండో వారం ఒకటే రూలు. వరసగా అయిదు చుట్లు రోడ్డు దిగకుండా రావాలి. ఒక చక్రం గడ్డిలోకి పోయినా లెక్క సున్నా నుంచి మొదలు. ట్యాంకు నిండా పెట్రోలుతో ఒకసారి, ఖాళీ అయ్యే టైములో ఒకసారి. బరువుంటే బ్రేకు ముందే కొట్టాలట. లోడు ట్రాలీ తోలినవాడికి ఇది చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, కారు మనది అనుకోవాలి గాని నాది అనుకోకూడదు అనేవాడు. హైదరాబాదు పందెంలో జాగ్వార్ జట్టు కారు ఇరుకు మలుపులో తమ జట్టు రెండో కారునే గుద్దింది. చివరికి రెండూ పందెంలోంచి పోయాయి. ఆ వీడియో ఇద్దరికీ నాలుగుసార్లు చూపించాడు.

గూడెం కుర్రాడు నెమ్మది. చుట్టుకి పది సెకండ్లు వెనక ఉంటాడు గాని రోడ్డు దిగడు. మా మేనల్లుడే అందరికంటే ఫాస్టు, వాడితోనే ఇబ్బంది. తప్పు చెయ్యడం కాదండి, తప్పు అందరూ చేస్తారు. వాడు ఒక మలుపులో అయిదు సెకండ్లు పోగొట్టుకుంటే పై మలుపులోనే రాబట్టాలని చూస్తాడు. అక్కడ గుద్దేస్తాడు. అయిదు పోయే చోట మొత్తం పోతుంది. మావాడు కోప్పడలేదు. ఒకరోజు మాత్రం అన్నాడు, "రెండో తప్పు నీదేరా బావా. మొదటిది అందరిదీ."

ఆ మాట గుమ్మం దగ్గరున్న నాకు తగిలింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. పోయిన రబీలో నాలుగెకరాల మొక్కజొన్న, కండె గింజ పట్టే టైములో గాలివానకి పడిపోయింది. పెట్టుబడిలో సగం కూడా రాలేదు. ఆ నష్టం ఒక్క పంటలో పూడ్చెయ్యాలని పక్క ఊళ్ళో ఆరెకరాలు కౌలుకి మాట్లాడాను. అడ్వాన్సుకి వడ్డీ డబ్బు కూడా చూసుకున్నాను. మా ఇంటావిడ వద్దని మొత్తుకుంటే "ఆడవాళ్ళకి ఏం తెలుసు" అనేశాను. ఆ భూమిలో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో నాకు తెలీదు. మట్టి ఎక్కడ మారుతుందో తెలీదు. వెనక కూడా ఇలాగే చేశాను. ఒక బోరు ఫెయిలైతే వారం తిరక్కుండా రెండోది, దాని అప్పు తీరకుండానే మూడోది. మొదటి బోరుది దేవుడి తప్పు అనుకున్నా, మిగతా రెండూ నావే.

పందెం ఆదివారం సాయంత్రం. కరెంటు పోతుందేమోనని ఇన్వర్టరు దగ్గర నన్ను కాపలా పెట్టారు. ముప్పై జట్లు దిగాయి. మొదటి గంట గూడెం కుర్రాడు, ఒక్క గీత పడకుండా తెచ్చి అప్పజెప్పాడు. రెండో గంట మేనల్లుడు. మూడో చుట్టులో అడెనౌ అనే అడవి మలుపు దగ్గర, దిగుడులోంచి పైకొచ్చి చూస్తే మలుపు కనపడదు చూడండి, అక్కడ నేరుగా గడ్డిలోకి పోయాడు. రోడ్డెక్కేసరికి నలభై సెకండ్లు పోయాయి. తొమ్మిదో స్థానం నుంచి పదహారుకి పడ్డారు.

గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేటట్టు ఉంది. మావాడు మైకులో మెల్లగా చెప్పాడు. "బావా, ఆ నలభై పోయాయి. అవి ఇంక మనవి కాదు. నీ మామూలు టైములోనే నడుపు. ముందున్న కారు చూడకు, నీ గుర్తులు చూడు."

పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. అంతే. మిగతా చుట్లు వాడు నడిపిన తీరు చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయంటే నవ్వుతారేమో. ఒకే తీరు, ఒకే టైము. పోయినదాని కోసం ఒక్కసారి కూడా ఎగబడలేదు. ముందున్న వాళ్ళే కొందరు వాళ్ళంతట వాళ్ళు గుద్దుకుని పక్కకి పోయారు. చివరి గంట మావాడు నడిపాడు. పదకొండో స్థానంలో వచ్చారు. ముప్పైలో చివరిదాకా వచ్చినవి పదిహేడే.

బహుమతేం లేదు. మేనల్లుడు ఫోను చేసి "మావయ్యా, నావల్లే పది లోపల రాలేకపోయాం" అన్నాడు. "నీవల్లే పదకొండు వచ్చిందిరా" అన్నాను. నిజంగానే అన్నాను.

మర్నాడు పొద్దున్నే కౌలు భూమి ఆసామికి ఫోను చేసి ఈ ఏడు వద్దండి అని చెప్పేశాను. ఆయన నొచ్చుకున్నాడు. అదే మాట ఇంటావిడకి చెబితే ఏమీ అనలేదు, కాఫీ ఇంకో గ్లాసు పోసింది. ఉన్న నాలుగెకరాల్లో వాలు చూసుకుని మురుగు కాలవ తీయిస్తున్నాను. పామాయిల్ తోట ఎలాగూ ఉంది. పోయిన డబ్బు ఈ ఏడాది రాదు. రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది.

రేపు మొక్కజొన్న ధర పెరిగి, ఆ ఆరెకరాలు చేసినవాడు బాగుపడొచ్చు. అప్పుడు మీరు నన్ను చూసి నవ్వినా పడతాను. కానీ మనలో ఎంతమంది మొదటి నష్టంతో చితికిపోయారో, ఎంతమంది దాన్ని పై పంటలోనే రాబట్టబోయి చితికిపోయారో ఒక్కసారి మీ ఊళ్ళో లెక్క వేసుకోండి. నేను మా ఊళ్ళో వేశాను. అందుకే ఇది రాశాను.

ఉంటానండి. ఎల్లుండి గెలల కోత ఉంది.