ఎడమ పక్క సౌండు తగ్గిందని

పొడుగు పోస్టు ఇది, ఓపిగ్గా చదవండి. మేము సోమల పక్క తాండా పిల్లోళ్ళం, ముగ్గురం. తిరపతిలో ఒకే రూములో ఉండి చదువుకుంటిమి. మా ముగ్గురికీ కలిపి ఒక ఇయర్‌ఫోను ఉండాది. మూన్‌డ్రాప్ బ్లెస్సింగ్ 2. 2022లో సెకండ్ హ్యాండులో 14 వేలకు తీసుకున్నాం. స్కాలర్‌షిప్పులో మిగిల్చింది కొంత, మదనపల్లె టమాటా మార్కెట్లో బాక్సులు ఎత్తిన కూలి కొంత. ఇంట్లో చెప్పలేదు. చెప్పుంటే ఇంత పెద్ద పోస్టు రాయడానికి మేము ఉండేవాళ్ళం కాదు.

దేనికంటే, అవ్వ పాటకు. మాలో ఒకరి అవ్వ, అంటే మా అందరికీ అవ్వే. పెళ్ళికూతురు ఏడుస్తా పాడే ధావ్లో పాడింది, పదకొండు నిమిషాలు, పాత ఫోన్లో రికార్డు చేసినాం. మరుసటి ఏడు అవ్వ పోయింది. గోర్ బోలీకి సొంత లిపి లేదు కదా, ఆ పాట ఉండేది ఆ ఫైల్లోనే. మామూలు ఇయర్‌ఫోన్లో వింటే బేస్ గుద్దుడు తప్ప అవ్వ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుండేది. దీంట్లో ఒక్కో పక్క ఐదు డ్రైవర్లు, బేస్‌కు ఒకటి, తక్కినదానికి నాలుగు. మొదటిసారి విన్నప్పుడు పాట మధ్యలో అవ్వ ఊపిరి పీల్చుకునేది వినపడింది. ముగ్గురం ఒకరి మొగం ఒకరం చూసుకోలేదు.

ట్యూనింగు నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మన బయటి చెవీ, చెవి గొట్టమూ 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని వాటంతట అవే పెంచుతాయి. ఇయర్‌ఫోను లోపలికి దూర్చి గొట్టం మూసేస్తే ఆ పెంపు చాలావరకు పోతుంది. అందుకే తయారుచేసేవాళ్ళే అక్కడ ఎత్తు పెట్టి ఇస్తారు. మంచి రికార్డింగుకు అది సరే. మా పాత ఫోను రికార్డింగులో గొంతు అక్కడే గీసుకుంటా ఉండేది. ఈక్వలైజర్ యాప్‌లో 3,000 దగ్గర 2 డెసిబెల్స్, 8,000 దగ్గర 3 డెసిబెల్స్ తగ్గిస్తే గాలి గోల పోయి గొంతు దగ్గరికొచ్చింది. ఆ సెట్టింగుకు 'అవ్వ' అని పేరు పెట్టినాం. ఇంకోటి, ఈక్వలైజర్ ముట్టుకునే ముందు రబ్బరు టిప్పు సైజు చూసుకోండి. గాలి దూరితే బేస్ సగం పోతుంది, ఏ యాప్ పెట్టినా రాదు.

రెండో ఏడు ఒకసారి కుడి పక్క మందమైపాయ. చెడిపోయిందనే అనుకున్నాం, అన్నం సహించలేదు. చూస్తే నాజిల్ మీది సన్న జాలికి గుబిలి పట్టి ఉండాది. కిందికి తిప్పి పట్టుకుని పాత మెత్తటి బ్రష్షుతో తుడిస్తే సరిపాయ. నీళ్ళు మాత్రం తగలనీయకండి. అప్పట్నుంచి చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసి పెడతాం. కేబులు ఒకసారి మార్చినాం, టూ పిన్ కాబట్టి విడిగా దొరుకుతుంది.

అందుకే, మాలో ఒకడు "ఎడమ పక్క తగ్గిందిరా" అన్నప్పుడు మేము బ్రష్షు చేతికిచ్చినాం. తుడిచినాడు. మళ్ళీ తగ్గిందన్నాడు. మళ్ళీ తుడిచినాడు. ఆ తర్వాత అడగడం మానేసినాడు.

చానా నెలలకు వాడి ఫోన్లో పాట వింటే అవ్వ గొంతు నడిమధ్య లేదు, ఎడమ పక్కకు పూర్తిగా ఒరిగిపోయింది. "ఎవుడ్రా బ్యాలెన్సు మార్చింది?" అని అరిచినాం. సెట్టింగుల్లో చూస్తే గీత దాదాపు ఎడమ చివర్లో ఉండాది. వాడే జరుపుకున్నాడు, నెలకు కొంచెం కొంచెం. వాడికేమో అట్ల పెడితేనే గొంతు మధ్యలో ఉండాదంట. మా ఇద్దరికీ మధ్యలో పెడితేనే మధ్యలో. ఇయర్‌ఫోను ఒకటే, పాట ఒకటే. మారింది చెవి.

అప్పుడు చెప్పినాడు, చిన్నప్పుడు ఎడమ చెవిలోంచి చీము కారేదని, ఇంట్లో వెచ్చని నూనె పోసేవాళ్ళని. మన తాండాల్లో, కాలనీల్లో చీము కారే చెవి ఎంతమందికి లేదు? జలుబు మాదిరే తీసిపారేస్తాం. బళ్ళో వాడు వెనక బెంచీలో పలక్కుండా కూర్చుంటే పొగరని దెబ్బలు పడేవి. మేము కూడా "చెవిటోడా" అని ఎగతాళి చేసినోళ్ళమే.

తిరపతిలో పెద్దాసుపత్రికి తీసకపోతిమి. గాజు గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కో శబ్దం వినిపించి, వినపడితే బటన్ నొక్కమన్నారు. కుడి చెవి బాగుంది. ఎడమ చెవి 40 డెసిబెల్స్ కింద. కర్ణభేరికి చిల్లు. లోపలి నరం బాగానే ఉంది, పొర అతికితే వినికిడి చాలావరకు రావచ్చు అన్నారు డాక్టరమ్మ. జేబులోంచి కేసు బయటికి తీసి చూపించినాం. చెవి కారేటప్పుడు దీన్ని దూర్చి మూసేయకూడదు అనింది. దానికంటే పెద్ద తిట్టు, సౌండు పెంచి విన్నందుకు పడింది. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మేము ఆ లెక్క ఎప్పుడూ చూడలేదు, జాలీ కేబులూ చూసుకుంటా కూర్చున్నాం.

ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. దూది తీసేసినారు. నీళ్ళు పోకుండా చూసుకోమన్నారు, ఇయర్‌ఫోను ఇంకా వద్దన్నారు. అది మా పెట్టెలోనే ఉండాది, పొట్లం కూడా కొత్తది వేసినాం. మేమిద్దరం కూడా దాన్ని ముట్టుకోలేదు. వాడి ఫోన్లో బ్యాలెన్సు గీత అట్లే ఎడమ చివర్లో ఉండాది, వాడే జరుపుకోవాలని వదిలేసినాం.