మావ జీపుకి నేను పెట్టించిన గొట్టం

ఈసారి గోడపత్రికకి "పుస్తకంలోది ఎత్తి రాయొద్దు, మీ ఇంటి దగ్గర జరిగింది రాయండి" అన్నారు తెలుగు మాస్టారు. నేను మా మావ జీపు గురించి రాస్తున్నాను. మిత్రులారా, మీలో చాలామంది ఆ జీపు ఎక్కినవాళ్లే. సెలవులిస్తే మన ట్రంకు పెట్టెలు పైన కట్టి, మనల్ని లోపల కుక్కి, చింతపల్లి నుండి ఊళ్లకి చేర్చేది అదే. మనచేత తోయించుకునేది కూడా అదే. దాని గురించి మీకు తెలియని సంగతి ఒకటి ఉంది. అందులో తప్పు నాది. మావ ఎవరికీ చెప్పలేదు, అందుకని నేనే చెబుతున్నాను.

అది పెట్రోలు జీపు, మా తాత కొన్నది. మా వైపు తిరిగే మిగతా జీపులన్నీ డీజిలువి. దీనికి కూడా డీజిలు ఇంజను వేయించీమని అందరూ అంటారు. "ఇంజను మార్చీసినాక అయ్య బండి ఏటి మిగుల్తాది?" అంటాడు మావ. ఆ మాట మీదే అది ఇంకా పెట్రోలు తాగుతోంది.

ఎండాకాలం నర్సీపట్నం నుండి సరుకు వేసుకుని లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు దాని అవస్థ చూడాలి. సగం ఎక్కేసరికి ఆయాసం వస్తుంది. సైలెన్సరు నుండి నల్ల పొగ. పై మలుపుల్లో ఒకటో గేరులో తప్ప కదలదు. ఒక్కోసారి పెట్రోలు గొట్టంలోనే మరిగి ఆవిరైపోయి బండి ఆగిపోతుంది. దానికి మావ దగ్గర మందు ఉంది. తడిపిన గోనె ముక్క పెట్రోలు పంపు మీద కప్పి, ఒక బీడీ కాల్చి, మళ్లీ స్టార్టు చేస్తాడు. కానీ ఆయాసానికి మాత్రం మందు లేదు.

పోయిన వేసవి సెలవుల్లో ఆ మందు నేను కనిపెట్టాను అనుకున్నాను. అప్పటికి సైన్స్‌లో క్లాసుకి ఫస్టు వచ్చి ఉన్నాను, ఆ పొగరు కూడా ఉంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుందని సైన్స్ సారు చెప్పారు కదా, డిగ్రీలకి 273 కలిపి లెక్క కట్టాలని కూడా చెప్పారు. జీపు గాలి పీల్చేది బోనెట్ లోపల నుండి. అక్కడ ఇంజను వేడి, రేడియేటరు వేడి. బయట 35 డిగ్రీలు, లోపల 60 డిగ్రీలు అనుకుంటే 308 ని 333 తో భాగించాలి. అంటే నూటికి ఏడెనిమిది వంతుల గాలి తక్కువ దొరుకుతుంది. పైగా లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, అక్కడ గాలి కిందకంటే పదో వంతు పలచన. పాపం బండి ఏం తిని కొండెక్కుతుంది?

బండి తినేది పెట్రోలు ఒక్కటే అనుకుంటాం. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 15 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలుకి లెక్క వేస్తే దగ్గర దగ్గర 9 వేల లీటర్ల గాలి. మన వంటశాల వెనక నీళ్లు పట్టే 200 లీటర్ల డ్రమ్ములు ఉన్నాయి కదా, అలాంటివి 45. ఆ రెండింటినీ కలిపేది కార్బురేటరు. దాని మధ్యలో గొంతు సన్నం. గాలి అక్కడ జోరుగా పోతుంటే పీడనం తగ్గి, పక్కన చిన్న బెజ్జం నుండి పెట్రోలు తుంపరగా వచ్చి గాలిలో కలుస్తుంది. అంతే, దానికి వేరే తెలివి లేదు. గాలి పలచబడిందని దానికి తెలీదు కాబట్టి పెట్రోలు ఎక్కువైపోయి నల్ల పొగ వస్తుంది. ఇప్పుడొచ్చే పెట్రోలు కార్లలో కార్బురేటరే ఉండదు, కంప్యూటరు గాలిని కొలిచి పెట్రోలు చిమ్ముతుంది.

ఇదంతా మావకి నేల మీద బొగ్గుతో రాసి చూపించాను. మావ చదివింది మూడో తరగతి. అయినా శ్రద్ధగా విన్నాడు. "అయితే బయటి గాలి లోపలికి తేవాలంటావు. ఏటి చేద్దుం అల్లుడూ?" అన్నాడు. నా మాట మీద పెద్దవాళ్లు డబ్బు ఖర్చు పెట్టడం అదే మొదటిసారి.

నర్సీపట్నంలో పాత ఇనుప సామాన్ల కొట్టులో లారీ రేడియేటరు రబ్బరు గొట్టం ఒకటి కొన్నాం. ఎయిర్ క్లీనరు తీసేసి గొట్టాన్ని నేరుగా కార్బురేటరుకి తగిలిద్దాం అన్నాన్నేను. మావ ఒప్పుకోలేదు. అది అడుగున గిన్నెలో ఆయిలు పోసే పాత రకం క్లీనరు, దుమ్మంతా ఆ ఆయిల్లో పడుతుంది. మా ఎర్రమట్టి రోడ్డు దుమ్ము ఇంజను లోపలికి పోతే ఏడాదిలో సిలిండర్లు అరిగిపోతాయన్నాడు. సరే, క్లీనరు గాలి పీల్చే చోట చుట్టూ రేకు తొడుగు వేసి, దానికి ఒక మూతి పెట్టి, అక్కడ గొట్టం బిగించాలి. ఆ తొడుగు మా ఊరి కమ్మరి తాత నూనె డబ్బా రేకుతో చేశాడు. గొట్టం రెండో చివర రేడియేటరు పక్క సందులోంచి జీపు ముందు జాలీ దగ్గరికి తెచ్చి, గరాటు పెట్టి, పురుగులు పోకుండా దోమతెర ముక్క కట్టాం. గెడ్డ దాటేటప్పుడు నీళ్లు పీల్చకూడదని మూతి హెడ్‌లైటు కంటే పైకి పెట్టించాడు మావ. సిలిండరులోకి నీళ్లు పోతే నొక్కుకోవు, రాడ్లు వంగిపోతాయి.

కమ్మరి తాత రేకు కొడుతూ, "చలికాలం కూడా ఇదే గాలా?" అని అడిగాడు. "చల్లగా ఉంటే ఇంకా మంచిది తాతా" అని నవ్వాను.

జీపు రాకెట్టు అయిపోలేదు. కానీ ఒకటో గేరు మలుపుల్లో రెండు మలుపులు రెండో గేరులోనే ఎక్కింది. పొగ తగ్గింది. గోనె ముక్క మాత్రం మామూలే, పెట్రోలు మరగడానికి ఈ గొట్టం మందు కాదు. మావ సంతలో కనబడ్డ ప్రతివాడికీ బోనెట్ ఎత్తి చూపించి "మా అల్లుడి బుర్ర" అనేవాడు.

తరవాత సంక్రాంతి సెలవులు వచ్చాయి. ఒక రాత్రి మా తమ్ముడికి జ్వరం, చలి, ఆగని వాంతులు. ఒళ్లు కాలిపోతోంది. ఒంటిగంటకి బయలుదేరి చింతపల్లి వెళ్తే, అక్కడ చూసి సూది మందు ఇచ్చి నర్సీపట్నం తీసుకుపొమ్మన్నారు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుంది. నేను ముందు సీట్లో కూర్చుని అద్దం తుడుస్తున్నాను. పొగమంచులో పది అడుగుల దూరం కనబడటం లేదు. గడ్డి మీద తెల్లగా మంచు.

లంబసింగి దగ్గరపడుతుండగా ఇంజను వణికి ఆగిపోయింది. మావ చోకు లాగాడు, లాభం లేదు. దిగి పెట్రోలు వస్తోందా చూశాడు, వస్తోంది. ప్లగ్గు వైర్లు చూశాడు, బాగున్నాయి. పదినిమిషాలయ్యాక హ్యాండిలు తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్టయింది. నాలుగు కిలోమీటర్లు వెళ్లి మళ్లీ ఆగింది. మళ్లీ అన్నీ చూశాడు, మళ్లీ పదినిమిషాలకి దానంతటదే స్టార్టయింది. అమ్మ ఏడవటం లేదు, తమ్ముడి కాళ్లు రుద్దుతోంది. నాకు అది చూస్తే ఇంకా భయమేసింది.

మూడోసారి ఘాట్ మొదట్లో ఆగింది. ఈసారి మావ ఏమీ వెతకలేదు. టార్చి నన్ను పట్టుకోమని, గబగబా కార్బురేటరు మీది మూతి ఊడదీశాడు. లోపల గొంతు చుట్టూ తెల్లగా ఐసు! వేలితో గీరితే పొడిగా రాలింది. ముందు రెండుసార్లూ మేము అవీ ఇవీ చూసేలోగా ఇంజను వేడికి ఐసు కరిగిపోయి, ఏమీ తెలియకుండా పోయింది.

మావ నా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. తొడుగు, గొట్టం పీకేసి వెనక పడేశాడు. ఇంజను మళ్లీ బోనెట్ కింది వేడిగాలి పీల్చింది. నర్సీపట్నం దాకా ఇంకెక్కడా ఆగలేదు. తమ్ముడికి మలేరియా అన్నారు, మూడు రోజులు సెలైను ఎక్కించారు. ఇప్పుడు వాడు ఊళ్లో గోళీలాడుతున్నాడు.

హాస్టలుకి వచ్చాక సైన్స్ సారుని అడిగాను. ఇంజక్షనుకి ముందు నర్సమ్మ స్పిరిట్ రాస్తే చర్మం చల్లబడుతుంది కదా, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కార్బురేటరు గొంతు కూడా అలాగే చల్లబడుతుందట, ఇరవై డిగ్రీల దాకా. లోపలికి వచ్చే గాలి ముందే చల్లగా ఉండి, పైగా పొగమంచు తేమ ఉంటే ఆ తేమ అక్కడే గడ్డకడుతుంది. అందుకే చలి దేశాల పాత పెట్రోలు బళ్లలో సైలెన్సరుకి పోయే వేడి గొట్టం చుట్టూ రేకు తొడిగి, అక్కడి వేడిగాలిని చలికాలంలో కార్బురేటరుకి ఇచ్చేవారట. మావ పగలు ఎండెక్కాకే సంతకి బండి తీస్తాడు, అందుకే డిసెంబరు అంతా మాకు ఇది తెలియలేదు.

ఊళ్లో ఎవరైనా ఆ రాత్రి సంగతి అడిగితే "పాత బండి, మొరాయించింది" అంటాడు మావ. గొట్టం గురించి చెప్పడు.

శివరాత్రి వెళ్లాక ఆదివారం వార్డెన్ సారు ఫోనుకి మావ ఫోను చేశాడు. తమ్ముడు బాగున్నాడని చెప్పి, "ఎండలు మొదలైనాయి అల్లుడూ. గొట్టం అటక మీదుంది. బిగించీమంటావా, ఇంకో పదిరోజులు ఆగమంటావా?" అని అడిగాడు. పొద్దున్న మంచు పడుతోందా అని అడిగాను. పడుతోందన్నాడు. ఆగమన్నాను.