జట్టును కొన్నారు... ఆటను కొనలేకపోయారు!

విజయనగరం రైల్వేస్టేషన్ బయట ఆటో ఎక్కి ‘విజ్జీ స్టేడియం’ అంటే చాలు... డ్రైవరు మారుమాట లేకుండా బండి తిప్పుతాడు. నేనెక్కిన ఆటో అతనూ అంతే. ఉండబట్టలేక నేనే అడిగాను, ‘‘ఇంతకీ విజ్జీ ఎవరు?’’ అని.

‘‘ఎవులో రాజుగోరండీ!’’ అన్నాడతను హారన్ కొడుతూ. ఓ మలుపు తిరిగాక, ‘‘కిరికెట్ ఆడేవారట’’ అని చేర్చాడు.

ఆ ‘ఎవరో రాజుగారు’ ఒకప్పుడు భారత క్రికెట్ జట్టు కెప్టెన్. టెస్ట్ మ్యాచ్‌లలో దేశానికి సారథ్యం వహించిన రెండో భారత కెప్టెన్, అదీ మన ఉత్తరాంధ్ర గడ్డ మీద పుట్టినవాడు. లెక్క ప్రకారమైతే ఊరంతా ఆయన కథలు చెప్పుకోవాలి. చెప్పుకోదు. ఎందుకు చెప్పుకోదో తెలుసుకోవాలంటే ముందు ఆయన పోగుచేసిన ఓ జట్టు గురించి, అది ఆడిన ఓ సీజన్ గురించి తెలియాలి.

ఐదు విజయాల ఊరు

ఊరి నడుమ ఉన్న కోటను 1713లో కట్టారు. దీనికి ఐదు విజయాలు కలిసొచ్చాయని పెద్దలు చెబుతారు. విజయనామ సంవత్సరం, విజయదశమి పండగ, జయవారమని పిలిచే మంగళవారం, కట్టించిన రాజు పేరు విజయరామరాజు, వెలసిన ఊరు విజయనగరం! ఇన్ని విజయాల మధ్య, ఆ పూసపాటి వంశంలోనే 1905 డిసెంబరు 28న పుట్టారు విజయానంద గజపతిరాజు. ముద్దుగా విజ్జీ.

కోటకు దగ్గర్లోనే మహారాజా సంగీత కళాశాల ఉంది. సాయంత్రం వేళ అటు వెళ్తే వయొలిన్ మీద సరళీ స్వరాలు వినిపిస్తాయి. విజ్జీ తండ్రి విజయరామ గజపతిరాజు 1919లో పెట్టిన కళాశాల ఇది. చూపులేని ఓ కుర్రాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే ఇంత పని చేయించిందని ఊళ్లో చెప్పుకుంటారు. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ చెప్పింది ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల చదువుకున్నదీ ఇక్కడే.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. తండ్రి విద్వాంసుల్ని చేరదీశారు. చోటిచ్చారు, జీతాలిచ్చారు. అంతేగానీ ‘డబ్బు నాది కాబట్టి కచేరీ కూడా నేనే చేస్తాను’ అని వేదికెక్కలేదు.

కొడుకు కథ అక్కడే మలుపు తిరిగింది.

ఐపీఎల్‌కి 78 ఏళ్ల ముందు

1922లో తండ్రి పోయాక అన్నగారు అలక్ నారాయణ గజపతి రాజయ్యారు. రెండోవాడైన విజ్జీకి మిగిలింది ‘మహారాజ్ కుమార్’ అన్న బిరుదు, కాశీలోని కుటుంబ ఎస్టేటు. ఆయన అక్కడికి మకాం మార్చి 1926లో సొంత జట్టు పెట్టారు. ప్యాలెస్ ఆవరణలోనే మైదానం వేయించారు. ఎక్కడ మంచి ఆటగాడు కనిపించినా కబురు పంపేవారు. ముస్తాక్ అలీ అనే స్కూలు కుర్రాడిని కాశీకి రప్పించి శిక్షణ ఇప్పించారు. ఆ కుర్రాడే తర్వాత విదేశీ గడ్డ మీద టెస్ట్ సెంచరీ చేసిన తొలి భారతీయుడయ్యాడు.

1930లో ఓ అవకాశం తలుపు తట్టింది. గాంధీజీ పిలుపుతో దేశమంతా శాసనోల్లంఘనం సాగుతోంది. దాంతో ఆ చలికాలం రావాల్సిన ఇంగ్లండ్ ఎంసీసీ జట్టు పర్యటన రద్దయింది. ‘వాళ్లు రాకపోతేనేం, నేనే తెస్తాను’ అనుకున్నారు విజ్జీ. జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను పిలిచారు. ఇంగ్లండ్‌కు అంతకుమించిన ఓపెనింగ్ జోడీ లేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఇద్దరూ ప్రొఫెషనల్స్... అంటే ఆటే జీవనాధారంగా బతికినవాళ్లు. హాబ్స్‌కి అప్పటికి 48 ఏళ్లు నిండబోతున్నాయి. గతంలో ఎన్నో పర్యటనలకు రానన్న ఆయన దీనికి మాత్రం సరేనన్నాడు.

అలా తయారైంది ‘మహారాజ్ కుమార్ ఆఫ్ విజయనగరం ఎలెవన్’. 1930-31 సీజన్‌లో ఆ జట్టు ఇండియాలోనూ, సిలోన్‌లోనూ తిరిగి ఆడింది. పత్రికల్లో ఫొటోలు తప్ప ఎన్నడూ కంటపడని హాబ్స్‌ని మన జనం మైదానంలో చూశారు. ఐపీఎల్ వేలంపాటలు మొదలైంది 2008లో. అంతకు 78 ఏళ్ల ముందే విజయనగరం రాజకుమారుడొకరు ప్రపంచ స్టార్లతో జట్టు కట్టేశారన్నమాట!

ఆ సీజన్ గుర్తు ఇప్పటికీ క్రికెట్ లెక్కల్లో ఉంది. హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలెన్ని? విజ్డెన్ పుస్తకాన్ని అడిగితే 197 అంటుంది. కొందరు గణాంక నిపుణులు 199 అంటారు. ఆ తేడా రెండు సెంచరీలూ విజ్జీ జట్టు తరఫున కొట్టినవే. ఆ మ్యాచ్‌లను ఫస్ట్‌క్లాస్‌గా లెక్కించాలా వద్దా అన్నదే తగవు. క్రికెట్ చరిత్రలో సెంచరీల పరంగా అందరికంటే ముందున్న బ్యాట్స్‌మన్ లెక్క ఎక్కడో విజయనగరం పేరు దగ్గర ఆగిందంటే... గమ్మత్తే కదూ!

మూడేళ్ల తర్వాత విజ్జీ జట్టు మరో ఘనకార్యం చేసింది. బాడీలైన్ సిరీస్‌తో ఆస్ట్రేలియాను హడలెత్తించిన డగ్లస్ జార్డిన్ తన జట్టుతో 1933-34లో మన దేశానికొచ్చాడు. ఆ పర్యటన మొత్తంలో వాళ్లు ఓడింది ఒకే ఒక్క మ్యాచ్. కాశీలో... విజ్జీ జట్టు చేతిలో... 14 పరుగుల తేడాతో!

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

బ్యాటు నాది... కెప్టెన్సీ నాది

అమెరికాలో బేస్‌బాల్ జట్లకు కోటీశ్వరులు యజమానులుగా ఉంటారు. ఎంత డబ్బున్నా స్టాండ్‌లో కూర్చుని చూస్తారు తప్ప బ్యాటు పట్టుకుని బరిలోకి దిగరు. క్రికెట్‌లో ఆ రోజుల్లో పద్ధతి వేరు. హాబ్స్ అంతటివాడికైనా ఇంగ్లండ్ జట్టు పగ్గాలు పూర్తిగా అప్పగించేవారు కాదు. జీతం తీసుకోకుండా ఆడే ‘అమెచ్యూర్’ దొరబాబే కెప్టెన్‌గా ఉండాలి. మన దగ్గర ఆ దొరబాబు స్థానంలో రాజులుండేవారు.

అయితే దారి చూపిన రాజూ ఒకరున్నారు. 1932లో మన తొలి టెస్ట్ జట్టుకు కెప్టెన్ పోరుబందరు మహారాజు. లార్డ్స్‌లో టెస్ట్ రాగానే తన ఆట సంగతి తనకు తెలుసు కాబట్టి ఆయన పక్కకు తప్పుకుని సి.కె.నాయుడికి పగ్గాలిచ్చారు. మన తెలుగువాడు భారత తొలి టెస్ట్ కెప్టెన్ అయింది అలాగే.

1936లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులోనూ నాయుడు ఉన్నారు. కానీ కెప్టెన్ విజ్జీ. బోర్డులో పలుకుబడి, విరాళాలు, వైస్రాయ్ దాకా ఉన్న పరిచయాలు... అన్నీ కలిసొచ్చాయి. కలిసిరానిది ఆటొక్కటే.

మొదటి టెస్ట్‌కు ముందే జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఓడెక్కించి ఇంటికి పంపేశారు. జట్టు నాయుడి వర్గం, విజ్జీ వర్గంగా చీలింది. నాయుడిని అందరిముందూ అవమానించినందుకే ఒకాయనకు టెస్ట్‌లో చోటు దక్కిందన్న కథ నేటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. లార్డ్స్‌లో తొలి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం సాధించి కూడా తొమ్మిది వికెట్లతో ఓడిపోయాం. ఆ డ్రా అయినా మాంచెస్టర్‌లో ముస్తాక్ అలీ, విజయ్ మర్చంట్ తొలి వికెట్‌కు చేసిన 203 పరుగుల పుణ్యమే. అవును... ఒకప్పుడు కాశీకి రప్పించిన ఆ స్కూలు కుర్రాడే ఆ ముస్తాక్!

మరి కెప్టెన్‌గారో? ఆరు ఇన్నింగ్స్‌లలో 33 పరుగులు. సగటు 8.25. అదే ఏడాది ఆయనకు ‘సర్’ బిరుదు దక్కింది. తిరిగొచ్చాక అమర్‌నాథ్ వ్యవహారంపై బోంబే చీఫ్ జస్టిస్ బోమాంట్ నాయకత్వంలో విచారణ జరిగింది. 1937 జనవరిలో వచ్చిన నివేదిక అమర్‌నాథ్‌ను నిర్దోషి అంది. విజ్జీ కెప్టెన్సీని దారుణమంది. ఆయన మళ్లీ టెస్ట్ ఆడలేదు.

అదే 1936లో ఇక్కడ విజయనగరంలో ఏం జరిగిందో తెలుసా? తండ్రి పెట్టిన సంగీత కళాశాలకు ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాల్ అయ్యారు. తండ్రి నాటిన చెట్టు కాయలు కాస్తోంది. కొడుకు కట్టుకున్న కల కూలిపోయింది. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే సొమ్ము, ఒకే అభిరుచి. తేడా అల్లా... ఎక్కడ పక్కకు జరగాలో తెలియడంలోనే!

ఆ మనిషి అంతేనా?

అంతే అయితే ఊళ్లో స్టేడియానికి ఆయన పేరెందుకు పెడతారు? చేసిన తప్పును కొంతైనా దిద్దుకున్న జీవితం ఆయనది. 1947లో ‘సర్’ బిరుదును వదులుకున్నారు. 1952లో తాను ఓడెక్కించిన అదే అమర్‌నాథ్‌ను తిరిగి భారత కెప్టెన్‌ను చేయడంలో విజ్జీ చెయ్యుంది. ఆ అమర్‌నాథ్ నాయకత్వంలోనే పాకిస్తాన్‌పై మనం తొలి సిరీస్ గెలిచాం. 1954లో విజ్జీ క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. తర్వాత విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు ఆడే జోనల్ పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు. టెస్టుల్లో 33 పరుగులు చేసిన మనిషి పేరు మీద ఎందరు కుర్రాళ్లు సెంచరీలు కొట్టారో!

ఊళ్లో రంజీ మ్యాచ్‌లు జరిగే మైదానానికి మాత్రం విజ్జీ అన్నగారి అబ్బాయి డాక్టర్ పి.వి.జి.రాజు పేరుంది. ఇప్పుడు అక్కడ ఆడేవాళ్లెవరికీ ప్యాలెస్‌లు లేవు. అక్కర్లేదు కూడా. పక్కనే శ్రీకాకుళం జిల్లాలో, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం ఎత్తుకొచ్చింది ఏ ఎస్టేటు చూసుకుని?

సాయంత్రం ఐదున్నర. విజ్జీ స్టేడియం దగ్గర కొందరు గుంటలు టెన్నిస్ బంతితో ఆడుతున్నారు. ఒకడు మాత్రం క్రీజు వదలడం లేదు. ‘‘ఎవరు కెప్టెన్?’’ అనడిగాను.

‘‘ఆడే సార్. బ్యాటు ఆడిదే’’ అన్నాడు బంతి అందిస్తున్న కుర్రాడు. గల్లీ క్రికెట్ రాజ్యాంగంలో మొదటి అధికరణం అదేగా!

తర్వాతి బంతికే వికెట్లుగా పెట్టిన ఇటుకలు ఎగిరిపోయాయి. బ్యాటు యజమాని కాసేపు ‘నోబాల్’ అని గొడవపడ్డాడు. ఇంటికి పోతానని బెదిరించాడు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఏమనుకున్నాడో ఏమో, బ్యాటును పక్కవాడి చేతిలో పెట్టి బౌండరీ వైపు నడిచాడు.

కొత్తగా వచ్చినవాడు మొదటి బంతినే గోడ మీదికి లేపాడు. అందరికంటే గట్టిగా అరిచింది బౌండరీ దగ్గరున్న ఆ బ్యాటు యజమానే.

ఇలా వెళ్లాలి: విశాఖపట్నం నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. హౌరా-చెన్నై రైలు మార్గంలో ఉంది. బస్సులకు కొదవలేదు. కోట, గంటస్తంభం, సంగీత కళాశాల, గురజాడ ఇల్లు, పైడితల్లి అమ్మవారి గుడి... అన్నీ ఒక్కరోజులో చూసేయొచ్చు. దసరా తర్వాత వచ్చే సిరిమాను ఉత్సవానికి వెళ్లగలిగితే ఇంకా మంచిది.