నుఖ్తా చెదరని నకలు

మాట గాలిలో కలసిపోతుంది, వ్రాత నిలుస్తుంది. అయితే ఆ వ్రాతకు కూడ కాగితమనే దేహం కలదు. ఆ దేహానికి చెదలు, తేమ, కాలం శత్రువులు. కనుకనే నేడు అనేక కుటుంబాలు తమ పాత కాగితాలను కంప్యూటరులో భద్రపరచుకొనుటకు పూనుకొంటున్నాయి. ఈ విషయంలో నాకు కలిగిన అనుభవాన్ని పాఠక మిత్రులతో పంచుకొనుటయే ఈ చిన్న వ్యాసం ఉద్దేశ్యం.

మా దాదాజాన్ వృత్తిరీత్యా కాతిబు. ఉర్దూ పుస్తకం వెలువడాలంటే ముందు కాతిబు చేతివ్రాత, ఆ పిదప రాతి అచ్చు అనే క్రమం నడచిన రోజులవి. ఆయన నస్తాలీఖ్‌లో వ్రాసిన పుటలు, ఇంటి ఉత్తరాలు, నికాహ్‌నామా, కొన్ని తెలుగు దస్తావేజులు, వెరసి 200 పుటలు మా ట్రంకుపెట్టెలో మిగిలాయి. స్కానరు వాటిని టిఫ్ రూపంలో దాచింది. ఏ4 పుటను అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగులలో తీస్తే, కుదింపు లేనప్పుడు, ఒక్కొక్కటి సుమారు 26 మెగాబైట్లు. మొత్తం 5 గిగాబైట్ల పైచిలుకు! దూరాన ఉన్న బంధువులకు వాటిని పంపుట కష్టం. రూపం మార్చక తప్పలేదు.

ఏ రూపంలోనికి? జేపెగ్ 1992 నాటి ప్రమాణం. అది చిత్రాన్ని 8 అడ్డం, 8 నిలువు బిందువుల గళ్ళుగా విభజించి, కంటికి అంతగా ఆనని భేదాలను త్యజిస్తుంది. ముఖాలకు, ప్రకృతి దృశ్యాలకు ఇది చక్కగా సరిపోతుంది. కాని తెల్లని కాగితంపై నల్లని అక్షరం వద్ద, కుదింపు హెచ్చినకొద్దీ, అంచు చుట్టూ మసక మరకలు చేరుతాయి. ఉర్దూలో చుక్కయే ప్రాణం. నుఖ్తా పైనుంటే ‘ఖుదా’. క్రిందికి దిగితే ‘జుదా’, అనగా వేరైనది! తెలుగులోనూ అంతే, చిన్న గీత చెరిగితే ‘ఫలము’ కాస్తా ‘పలము’ అవుతుంది. 1996లో వచ్చిన పీఎన్‌జీ ఏ బిందువునూ వదలక కుదిస్తుంది. కనుక భద్రపరచుటకు పీఎన్‌జీ, పంచుటకు జేపెగ్ అని నిశ్చయించుకొన్నాను. జేపెగ్‌ను తిరిగి పీఎన్‌జీగా మార్చినంత మాత్రాన పోయినది తిరిగి రాదు. ఇకముందు పోకుండా ఉంటుంది, అంతే.

ఇక మార్చుట ఎక్కడ? అంతర్జాలంలో ఉచితంగా మార్చిపెట్టే పేజీలు అనేకం. కాని మా ఆపా ఒక్క ప్రశ్నతో నన్ను ఆపింది: “అమ్మీజాన్ ఉత్తరాలు ఎవరి కంప్యూటరులోనికో పోతాయా?” ఇంటిగుట్టు రచ్చకెక్కరాదు కదా!

పరిశీలించగా ఈ పేజీలు రెండు తెగలని తెలిసింది. కొన్ని మన చిత్రాలను దూరపు యంత్రానికి చేర్చి, మార్చి పంపుతాయి. మరికొన్ని, మార్చే ప్రోగ్రామునే మన బ్రౌజరులోనికి దింపుతాయి. చిత్రం గడప దాటదు. 2019లో ప్రమాణంగా స్థిరపడిన వెబ్‌అసెంబ్లీ వంటి సాధనాలు ఇటువంటి పనిని సులభం చేశాయి. అనేక బ్రౌజరులు స్వయంగా చూపలేని టిఫ్‌ను కూడ ఆ ప్రోగ్రాము విప్పగలదు. గుర్తించుటకు ఒక ఉపాయం కలదు: పేజీ తెరిచిన పిదప అంతర్జాల సంబంధాన్ని తెంచి పని చేయించాలి. అప్పుడూ పని సాగితే, మార్పు మన యంత్రంలోనే జరుగుతున్నదన్నమాట. పని ముగించి, పేజీ మూసిన తరువాతనే సంబంధం కలుపుట మేలు.

200 పుటలను ఒక్కసారిగా అప్పగిస్తే యంత్రపు జ్ఞాపకశక్తి చాలక బ్రౌజరు కూలవచ్చు. పదేసి చొప్పున ఇచ్చుట ఉత్తమం. పేర్లు 001, 002 అని ఉంచితే వరుస తప్పదు. మూలప్రతులను మాత్రం, ప్రతి నకలునూ తెరిచి సరిచూచేవరకు, చెరపరాదు.

మిత్రులారా! మన ఇండ్లలో ఉర్దూ, తెలుగు ఒకే పెట్టెలో ఒదిగి ఉన్నాయి. ఆ పెట్టెను తెరవండి. నకలు తీయండి. చుక్క చెదరకుండా, గుట్టు బయటపడకుండా తీయండి. వ్రాసిన చేతికి మనం చేయగల సలాము అదే.