చెట్టెక్కిన పుస్తకాలు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పిల్లల వేసవి శిబిరానికి డెకరేషన్ పని నాకు పడింది. థీమ్ చందమామ కథలు. 1947లో మొదలైన ఆ పత్రిక పాత బైండ్లు అక్కడే ఉన్నాయి. బీరువాలో, తాళం వేసి!

రెండు రోజులు కూర్చుని అట్టపెట్టెలతో గోడంతా చెట్టు కట్టాను. శంకర్ గారి బొమ్మ చూస్తూ విక్రమార్కుణ్నీ బేతాళుణ్నీ గీశా. మొదటిరోజు పిల్లలొచ్చారు, చెట్టు ముందు ఫొటోలు దిగారు, ఆటకి పోయారు. ఓ చిన్నది మాత్రం ఆగి అడిగింది.

"అక్కా, పుస్తకాలేవి?"

చురుక్కుమంది. బీరువా తెరవమంటే లైబ్రేరియన్ సార్ తల అడ్డంగా ఊపారు. "పోతే నేను కట్టుకోవాలమ్మా." ఆయన భయం ఆయనది. బతిమాలితే బైండ్లు కాకుండా చిన్న కథల పుస్తకాలు 20 ఇచ్చారు.

బేతాళుడు ప్రతిసారీ చెట్టెక్కేస్తాడు కదా. పుస్తకాలే బేతాళుళ్లయితే? పురికొసతో పిల్లల చేతికందే ఎత్తులో కొమ్మలకు వేలాడదీశా. పక్కనే రాశా: "దించుకో, ఇంటికి మోసుకెళ్లు, చదివి మళ్లీ చెట్టెక్కించు."

రోజూ కొమ్మలు ఖాళీ అయ్యేవి, మళ్లీ నిండేవి. శిబిరం చివరిరోజు లెక్కపెడితే 19. సార్ ముఖం చూడలేకపోయా.

మర్నాడు పొద్దున్నే ఆ చిన్నది పరిగెత్తుకొచ్చింది. "నానమ్మకి చదివి వినిపిస్తున్నా అక్కా. రాత్రే అయిపోయింది."

సార్ ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశారు. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

"ఆ చందమామ బైండ్లు కూడా తియ్యమ్మా."