వేలికి తెలిసిన లెక్క

మా అబ్బోడు డల్లాసులో ఇంట్లోనే బీరు కాస్తాడని తెలిసిన రోజున నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. మాది పులివెందుల దగ్గర తుమ్మలపల్లె. యురేనియం గని వచ్చాక ఊరి పేరు పేపర్లకెక్కింది గానీ, అంతకుముందు మా ఇంటికి పేరంటూ ఉంటే అది మా చిన్నాయన సారాయికి ఆరగించిన చేల వల్లనే. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. మా పిన్నమ్మ ఆ కబురు విని ఏడ్చింది. చిన్నాయన అప్పటికే లేడు.

"ఇక్కడ తప్పు కాదు నాయనా. 1978లో కార్టరు సంతకం చేసిన చట్టముంది. ఇద్దరు పెద్దోళ్లుండే ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు కాసుకోవచ్చు" అన్నాడు వాడు నన్ను ఊరడిస్తున్నట్టు. అంటే సుమారు 750 లీటర్లు! ఊరడింపు ఇట్లాగా ఉండేది?

వాడు కాసేది మాత్రం ఒక్కో తడవకు నాలుగు లీటర్లే. అసలు తంటా అక్కడే వచ్చింది.

మేం వెళ్లిన మొదటి శనివారం చూశాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నూక ఒక కిలో, నీళ్లు మూడు లీటర్లు. గింజలోనే పిండిని చక్కెరగా మార్చే ఎంజైములున్నాయట. ఒకటి 60, 65 డిగ్రీల మధ్య బాగా పనిచేసి పిండిని సన్నగా తరుగుతుంది, బీరు పలచగా వస్తుంది. రెండోది 70 దగ్గర చురుకు; అది ముతకగా తరుగుతుంది, బీరు చిక్కగా ఉంటుంది. 78 దాటితే రెండూ చస్తాయి. ఇద్దరు కోడళ్లకూ పొత్తు కుదిరేది 67 దగ్గర. అక్కడ గంటసేపు నిలవాలి. చల్లటి నూక వేడిని లాగేస్తుంది కనక నీళ్లను ముందే 73కు కాచి పోశాడు. లెక్క తప్పలేదు, సరిగ్గా 67 వచ్చింది.

అరగంటకు చూస్తే 61! పెద్ద కాగు తొందరగా చల్లారదు. చిన్న గిన్నెకు లోపలి సరుకు కంటే చుట్టూ గాలి తగిలే ఒళ్లే ఎక్కువ. వాడు గాభరాపడి పొయ్యి వెలిగించాడు. అడుగున 76, పైన 62. గరిటె విసిరేశాడు.

అంతదాకా మొహం తిప్పుకుని కూచున్న మా ఇంటావిడ లేచి వచ్చింది.

"నిన్ను పెంచింది దేంతోరా? రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చినాక ఎండబోసి విసిరిన పిండితోనే గదా. గట్టి జావ దించి, వేలు పెడితే చురుక్కుమని వెనక్కి తీసుకునేంత వేడిలో ఆ పిండి ఒక చెంచా కలుపుతాంటి. చూస్తాండంగానే మజ్జిగ మాదిరి పలచనయ్యేది. ఉడుకుతాండేదాంట్లో వేస్తే పిండి చచ్చిపోతాది."

ముప్పై ఏళ్లుగా ఆ మాట వింటున్నాను. ఆడవాళ్ల చాదస్తమనుకున్నాను.

"ఇంగ పొయ్యి యాలరా? కంబళి కప్పు!"

రెండోసారి ఆవిడ చెప్పినట్టే చేశారు. గిన్నెను ముందు వేడినీళ్లతో తొలిచి, నూకా నీళ్లూ కలిపి, మూత బిగించి, రెండు తువ్వాళ్లు చుట్టి, మేం ఊరినుంచి తెచ్చిన కంబళి కప్పారు. గంటకు మూత తీస్తే 65. వాడు చుక్క ద్రవం పళ్లెంలో వేసి, అయోడిన్ చుక్క కలిపాడు. పిండి మిగిలుంటే నల్లగా, నీలంగా మారాలట. మారలేదు. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తియ్యటి నీళ్లు నాకూ ఒక గుక్క ఇచ్చారు, ఇంకా ఈస్టు వెయ్యలేదు కనక మత్తుండదని ఒట్టేసి. రాగిమాల్టుకు అన్నలాగుంది!

తర్వాత ఆవిడ మెల్లగా, "మీ చిన్న జేజినాయన సంగతి తెలుసు గదరా" అంది.

"తెలుసమ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

వాడు ఆఫీసుకు పోయినప్పుడు వాడి నోటుబుక్కు తెరిచాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. తారీకులు, డిగ్రీలు, చివరి గడిలో సీసాల లెక్క: స్నేహితులకు ఎన్ని, తనకెన్ని. తనవి నెలకు నాలుగు దాటలేదు. వెనకటి పేజీలన్నీ తిప్పి కూడా చూశాను.

"ఎన్ని?" అంది మా ఆవిడ వాకిట్లోంచి. నేను ఏం చూస్తున్నానో ఆమెకెట్లా తెలిసిందో!

"నాలుగు."

ఆమె తలూపి, శనివారానికని కంబళి ఎండలో వేసింది.